ఈరవ్వ గంప కింద

ఆంబోతు వెనక ఈరవ్వ నడుస్తూ కనపడిందంటే మా గల్లీలో ఆడవాళ్లం ముందు మా మా ఇళ్లల్లో మనుషుల్ని లెక్కపెట్టుకునేవాళ్లం. అందరూ ఉన్నారని తేలాక అప్పుడు ఊపిరి వదిలి, "మరి ఎవరింట్లో?" అని ఒకరినొకరం అడుక్కునేవాళ్లం. ఎల్లారెడ్డిలో మా వైపు వాడలకు చావు కబురు ఫోన్లలో రాకముందే ఆ నడకతో తెలిసిపోయేది.

ఎడమ చంకలో కొత్త వెదురు గంప, కుడి చేతిలో సొట్టలు పడ్డ సత్తుపళ్లెం. ఎద్దు ఆగితే ఆగేది. ఎద్దు కదిలితే కదిలేది. ఒక్కసారి కూడా దాన్ని అదిలించగా నేను చూడలేదు. ఒక్కోసారి కాలువ కట్ట దాకా పోయేది దాని వెనకే, ఎండలో, చెప్పుల్లేకుండా. అది పెండ వేసిన క్షణంలో, నేల తాకనివ్వకుండా పళ్లెంలో పట్టేది.

"అక్కా, బీరయ్య కొట్టంల రెండు ఎడ్లున్నయి గదా, గంత దూరం నడుసుడెందుకు?" అని ఒకసారి అడిగాను.

"కట్టేసిన గొడ్డు ఆ ఇంటి కుడితి తాగుతది ప్రమీలా. దీన్ని ఎవలో దేవుని పేరు మీద ఇడిసిండ్రు. దీనికి ఇల్లు లేదు. ఎవల దిక్కు మాట్లాడది" అంది.

ఆమె చేసే పని ఇది. ప్రాణం పోయిన చోట, శవాన్ని తీసుకుపోయాక, ఆ పెండతో అలుకుతుంది. ఇప్పుడు అందరి ఇళ్లల్లో నున్నటి బండలే అయినా, ఆ మూడు జానల జాగా మట్టుకు అలకాల్సిందే. తడి ఆరకముందే పాత ధోవతి గుడ్డలో జల్లించిన బూడిద పల్చగా చల్లుతుంది. నడుమ చెంబెడు నీళ్లు పెడుతుంది. పైన గంప బోర్లిస్తుంది. పక్కన దీపం. పొద్దు గూకే వేళ పెట్టిన గంపను తెల్లవారి పొద్దు పొడిచే వేళ లేపుతుంది. బూడిదలో ఏ గుర్తు ఉంటే పోయినవారు ఆ జన్మ ఎత్తినట్టు. పిట్ట కాలు, దూడ గిట్ట, పసిపిల్ల పాదం. ఈరవ్వ చెప్పేది, ఇంటివాళ్లు ఏడ్చేవాళ్లు, కానీ ఆ ఏడుపు వేరుగా ఉండేది. తేలికైన ఏడుపు.

"కాలు అచ్చిందంటె పోయినట్టు" అని ఆమే నాకు చెప్పింది. "చెయ్యి అస్తె పోనట్టు. ఇంట్ల తప్పు చేసినోళ్లనెవల్నో పట్టుకున్నట్టు."

"ఎన్నడన్న చెయ్యి అచ్చిందా?"

ఆమె నా ముఖంలోకి కాక నా చెవి పక్కకు చూస్తూ, "రాలే" అంది.

పిట్లం వైపు నుంచి ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఒంటరిగా వచ్చింది ఈరవ్వ. ఎందుకు వచ్చిందో నలభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. నేను అడగని రోజు లేదు. ఆమె చెప్పిన రోజు లేదు.

సీతారాం పోయిన రోజు గురించి చెప్తాను.

మా ఇంటికి మూడిళ్ల అవతల పోచవ్వ ఇల్లు. పెద్ద కొడుకు సీతారాం కాలిపోయిన కరెంటు మోటార్లకు తీగ చుట్టేవాడు. అతను గల్లీలో నడిచిపోతే తీగకు పూసే వార్నిష్ వాసన అతని వెనకే వచ్చేది. కుడిచేతికి చూపుడు వేలు లేదు. పదేళ్ల వయసులో చెరుకు గానుగలో తమ్ముడి చెయ్యి పోబోతే లాగేశాడు, తన వేలు ఇచ్చాడు. ఆ తమ్ముడే నగేశ్. కామారెడ్డిలో ఆఫీసు ఉద్యోగం, కారు. సీతారాం భార్య మహేశ్వరిది బిచ్కుంద. పిల్లల్లేరు. నోట్లోంచి మాట తీయాలంటే కొంగు పట్టి గుంజాలి, అట్లాంటి పిల్ల.

రెండు రోజులు సీతారాం ఛాతీలో బరువన్నాడు. మూడో రోజు పొద్దున ఆయాసం ఎక్కువైంది. పదకొండున్నరకు ప్రాణం పోయింది. ఆ సమయానికి మహేశ్వరి ఇంట్లో లేదు. పోచవ్వ ఒక్కతే ఉంది, మోకాళ్లు పనిచేయని మనిషి. కొడుకు "నీళ్లు" అన్నాడట. ఆమె కూర్చున్న చోటునుంచి పాక్కుంటూ వంటింట్లోకి పోయి, చెంబు పట్టుకుని పాక్కుంటూ వచ్చేసరికి అతని కళ్లు తలుపు మీద నిలిచిపోయి ఉన్నాయట. నేను పోయేసరికి ఆ ముసలిది చెంబు అట్లాగే పట్టుకుని ఉంది. సగం నీళ్లు నేల మీద గీతలాగా ఉన్నాయి, వంటింటి నుంచి మంచం దాకా.

మహేశ్వరి అప్పుడు వచ్చింది, చెమటతో, చేతిలో ఫోన్‌తో.

"ఏడికి పోయినవే? నా కొడుకు నీళ్లు నీళ్లు అనుకుంట పోయిండు. ఏడ తిరిగినవే?" అని అరిచింది పోచవ్వ.

మహేశ్వరి జవాబు చెప్పలేదు. అప్పుడే కాదు, తరవాత కూడా చెప్పలేదు.

ఆ రోజు ఈరవ్వ ఎద్దు వెనక నడవాల్సిన పని పడలేదు. ఆమె గంపతో బయటికి వచ్చేసరికి ఆంబోతు సీతారాం ఇంటి ముందరే నిలబడి ఉంది. తల గుమ్మంలోకి పెట్టి, లోపలికి చూస్తోంది. ఎవరో బియ్యం కడిగిన నీళ్లు పెట్టారు. ముట్టలేదు. బెదిరిస్తే కదల్లేదు. శవాన్ని దాని పక్కనుంచే తీసుకుపోయారు.

పొద్దు గూకే వేళ ఈరవ్వ గంప పెడుతుంటే పోచవ్వ అందరి ముందరా అంది, "ఈరవ్వా, గంప కింద చెయ్యి అచ్చిందంటె దాస్తవేమో, దాయకు. అచ్చిందా, ఈ పిల్లను తెల్లారేసరికి బిచ్కుంద బస్సు ఎక్కిస్త. ఇగ ఈ గడప తొక్కది."

తెల్లవారి నేను అందరికన్నా ముందు పోయి నిలబడ్డాను. నగేశ్ గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మహేశ్వరి వంటింటి తలుపు చాటున ఉంది. ఈరవ్వ వంగి గంప లేపింది. నేను ఆమె భుజం మీది నుంచి చూశాను.

ముందు వాసన వచ్చింది. వార్నిష్ వాసన. గంప కిందినుంచి.

తరవాత కనపడింది. చెంబు పక్కన, బూడిదలో, అరచెయ్యి. పెద్ద మగచెయ్యి. బొటనవేలు ఉంది. దాని పక్కన ఖాళీ. ఆ తరవాత మూడు వేళ్లు.

ఈరవ్వ దాని వైపే వంగి ఉంది. ఎంతసేపో. ఇంట్లో అందరూ ఊపిరి బిగపట్టారు. అప్పుడు ఆమె తల ఎత్తి, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే, "పిట్ట కాలు. చిన్న పిట్ట. పోయిండు పోచవ్వా, మంచిగ పోయిండు" అని, అరచేత్తో బూడిదంతా కలిపేసింది.

తలుపు చాటున మహేశ్వరి కూలబడిన చప్పుడు వినిపించింది.

"బుల్‌షిట్" అన్నాడు నగేశ్.

అందరం అటు తిరిగాం.

"ఏందిరా?" అంది పోచవ్వ.

"గీమె ఎవరింట్ల చూసినా పిట్టనే అంటది. ఇంకోటి అన్నదా ఎన్నడన్న? మహా అయితె దూడ. నలభై ఏండ్ల సంది గిదే. ఈ కాలంల గూడ గివి నమ్ముతరా అమ్మా?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఈరవ్వ పళ్లెం, గంప తీసుకుని తలుపు తడుముకుంటూ బయటికి పోయింది. పోచవ్వ కొడుకు వైపే చూస్తూ ఉంది. కొడుకు మాట ఆమెలో ఇంకోలా పనిచేసింది.

"నిజమే. పిట్ట అని ఆమె అనుడే గని మనం చూడలే. గట్లయితె నువ్వే కూసో నగేశా. తొమ్మిదో నాడు మళ్ల పెట్టిస్త. పొద్దు గూకినప్పటి సంది తెల్లారేదాక గంప పొంట నువ్వే కూసో. పదో నాడు పొద్దుగాల అందరి ముందట లేపుదం. చెయ్యి లేకుంటె నీ వదిన ఉంటది. ఉంటె పోతది."

"కూసుంట. నాకేం భయం?" అన్నాడు అతను.

నాకు రెండు సంగతులు కడుపులో కూర్చున్నాయి. ఒకటి ఆ చెయ్యి. రెండోది ఆ మాట. చేతి సంగతి ఎవరితోనూ అనలేను, అంటే మహేశ్వరి బస్సెక్కుతుంది. మాట సంగతయినా తెలుసుకుందామని మా మేడ మీద అద్దెకుండే వనజ దగ్గరికి పోయాను. బళ్లో ఇంగ్లిష్ చెప్తుంది.

"టీచరమ్మా, బుల్‌షిట్ అంటె ఏంది?"

ఆ పిల్ల చేతిలో ఎర్రపెన్ను కిందపడింది. "అయ్యో పెద్దమ్మా! ఎవలన్నరు మిమ్ముల్ని?"

"నన్ను కాదు. అర్థం చెప్పు ముందు."

"అది అనరాని మాట. మర్యాదున్నోళ్లు అనరు."

"నేనంటనా? తెలుసుకుంట. ఐదు దాక చదివిన, గీ మాట ఏ వాచకంల రాలే."

వనజ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆంబోతు పెండ అన్నట్టు."

నాకు ఒక్కసారి ఒళ్లు జలదరించింది. ఆ ఇంటి ముందు నిలబడ్డ ఎద్దు కళ్ల ముందుకొచ్చింది. అది తెలిసే అన్నాడా ఆ పిల్లవాడు? తెలియదు. ఆఫీసుల్లో అట్లా అనుకుంటారట, పనికిమాలిన మాట అనడానికి.

"మరి ఆంబోతు ఏం పాపం చేసింది? దాన్నెందుకు లాగిండ్రు?"

వనజకు కూడా ఉత్సాహం వచ్చింది. ఫోన్‌లో నిఘంటువు తీసింది. "ఆ మాటల ముందట ఉన్న ముక్క నాలుగువందల ఏండ్ల కిందనే ఇంగ్లండ్‌ల ఉన్నదట పెద్దమ్మా. పొంతన లేని మాట, నవ్వులపాలయ్యే మాట అని. దానికి, ఎద్దుకు సంబంధం లేకపోవచ్చు అంటున్నరు. పాత ఫ్రెంచిల మోసం అనే మాట ఒకటుండె, అండ్లకెల్లి అచ్చిందేమో అని ఒక ఊహ. రోమ్‌ల పోప్ ఆజ్ఞలకు ఏసే ముద్రకెల్లి అచ్చిందని కొందరంటరు గని రుజువు లేదు. పెండ మాత్రం ఎనక అంటింది. రాతల కనవడ్డది నూరేండ్ల పైన కొంచెం."

"అంటే ఉత్త మాటకు ఎవలో పెండ పూసిండ్రు."

ఆమె నవ్వింది. తరవాత నవ్వు ఆపి అంది, "కాని అది అబద్ధం అసుంటిది కాదు పెద్దమ్మా. అబద్ధమాడెటోనికి నిజం ఎరుకుంటది. ఎరుకుండి దాస్తడు. గీ మాట పడెటోనికి నిజమేందో అక్కర్లేదు. ఆ గడియ గడిస్తె సాలు. నోటికి ఏదస్తె అది అంటడు."

మెట్లు దిగుతూ ఆ మాటే తిప్పితిప్పి చూసుకున్నాను. నలభై ఏళ్లు పిట్ట, పిట్ట, దూడ అన్న ఈరవ్వ ఏ రకం? మొన్న చెయ్యి చూసి పిట్ట అనడం ఏ రకం?

ఎనిమిదో నాడు బస్టాండు దగ్గర యాకూబు చాయ్ బండి దగ్గర ఆగాను. మహేశ్వరి ఆ పొద్దున ఎక్కడుందో నాకు తెలియాలి. యాకూబుకు తెలియని కాలు ఎల్లారెడ్డి రోడ్డు మీద పడదు.

"సీతారాం భాయ్ బీవీయా? గీడనే నిలబడ్డది గదా అమ్మా. పది గొట్టినప్పటి సంది. కుర్సీ ఏస్తా అన్న, కూసోలే. కామారెడ్డి దిక్కే సూసుకుంట నిలబడ్డది."

"ఎందుకు?"

"మరిది కారు కోసం. మీ గల్లీల పైపుల కోసం తవ్విండ్రు గదా, కారు ఎటుకెళ్లి పోవాల్నో సూపెట్టాలె అన్నది. నా ముందటనే ఫోన్ జేసింది. లొల్లి ఉంటదని స్పీకర్ పెట్టింది, నేను గూడ ఇన్న. 'అంబులెన్స్‌కు చేస్త తమ్మీ' అన్నది. 'ఎందుకు వదినా, లింగంపేట దాటిన, అచ్చిన' అన్నడు. లింగంపేట కెళ్లి గీడికి ఎంతసేపు? అరగంట సేపయినంక మళ్ల చేసింది. 'అచ్చిన, అచ్చిన' అన్నడు. పదకొండు దాటినంక గూడ 'దగ్గర్నే ఉన్న' అన్నడు."

"మరి ఎప్పుడచ్చిండు?"

"మాపటీలి. శవం పోయే యాల్లకు."

నేను చాయ్ తాగకుండానే పోచవ్వ ఇంటికి పోయాను. మహేశ్వరి ఇంటి వెనక గచ్చు మీద బట్టలు పిండుతోంది. చెవిలో అడిగాను, ఎందుకు చెప్పవు అని.

చాలాసేపు చీర పిండింది. నీళ్లు అయిపోయినా పిండుతూనే ఉంది.

"చెప్తె అత్తకు ఇంకో కొడుకు గూడ పోయినట్టె గదా పెద్దమ్మా" అంది.

ఆంబోతు ఎనిమిది రోజులుగా గుమ్మం ముందే ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. దాని ఊపిరికి గుమ్మానికి కట్టిన ఎండు తోరణం కదులుతోంది.

అక్కడినుంచి తిన్నగా ఈరవ్వ గుడిసెకు పోయాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని బూడిద జల్లిస్తోంది, తొమ్మిదో నాటికి.

"అక్కా, నగేశ్ నిన్ను ఏమన్నడో ఎరుకనా?" అని అర్థం చెప్పాను. ఊరట కలుగుతుందో, కోపం వస్తుందో చూద్దామని.

ఆమె జల్లించడం ఆపలేదు. "పెండనే అన్నడా? పెండకేం తక్కువ? ఎద్దు ఏం తిన్నదో గదే ఏస్తది. మనిషి గట్లున్నడా?"

"అక్కా, మొన్న నేను నీ భుజం మీదికెళ్లి చూసిన."

చేతులు ఆగాయి.

"ఏం చూసినవ్?"

"నువ్వు చూసిందే. చెయ్యి. కుడి చెయ్యి. చూపుడేలు లేదు."

ఈరవ్వ ముఖంలో నెత్తురు దిగిపోవడం పట్టపగలు చూశాను. ఆమె చెయ్యి చాపి నా చెయ్యి వెతుక్కుంది. పక్కనే ఉంది నా చెయ్యి. ఆమె గాలిలో వెతికింది.

అప్పుడు నాకు తెలిసింది. చెవి పక్కకు చూడటం, తలుపు తడుముకోవడం. కంటి ఆపరేషన్లకు ఊరూరా బస్సు వచ్చినప్పుడల్లా మేకల పాకలో దాక్కోవడం. సూదికి భయం అనుకున్నాం.

"ఎన్ని రోజుల సంది అక్కా?"

"ఎనిమిదేండ్లు. మోతిబిందు, కండ్లకు పొర. ఎలుగు కనవడ్తది, మనిషి కనవడడు. ఎద్దెనక గూడ దాని డెక్కల సప్పుడు ఇనుకుంటనే నడుస్త. నేను బూడిద చూడ ప్రమీలా. ఊపిర్లు ఇంట. ఎవలి ఊపిరి ఎంత బిగవట్టిండ్రో ఇని, ఎంత తొందరగ చెప్పాల్నో ఎరుక చేసుకుంట. పిట్ట అంట. ఊపిరి ఇడుస్తరు."

"కండ్లున్నప్పుడు?"

"కండ్లున్నప్పుడు చూసిన. బూడిదల బూడిదే ఉంటది."

అప్పుడు చెప్పింది, నలభై ఏళ్లు నేను అడిగింది. పిట్లం దగ్గర ఆమె అత్తగారి ఊరు. తన చెల్లి పెళ్లికని జుక్కల్‌లో పుట్టింటికి పోయిన మూడు రోజుల్లో భర్తను పాము కరిచింది. తిరిగొచ్చేసరికి గంప పెట్టారు. తెల్లవారి అత్త లేపింది. "చెయ్యి" అంది. ఈరవ్వను అప్పటికప్పుడు ఇంట్లోంచి గెంటేశారు.

"నేను చూసిన ప్రమీలా. అప్పుడు నా కండ్లు గద్ద కండ్లు. ఉత్త బూడిద. గాలికి గూడ కదల్లే. మా అత్త కిందికే చూడలే. నా మొఖం చూసుకుంట అన్నది చెయ్యి అని. అబద్ధమాడిందంటె గూడ ఎట్ల? అది చూస్తె గదా." బూడిద గుడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "గంప ఎవలు లేపుతె మాట వాళ్లది. గందుకే గంప నేను పట్టుకున్న. ఏ ఇంట్ల గూడ చెయ్యి అనలే. అననియ్యలే."

"మరి కండ్ల ఆపరేషన్ చేయించుకుంటె ఏమయితుండె?"

"కండ్లు అచ్చినంక గంప లేపితె, నిజంగ ఏమన్న ఉంటె?" అంది ఈరవ్వ. ఆమె గొంతు అంత చిన్నదిగా ఎన్నడూ వినలేదు. "ఇప్పుడు నువ్వు ఉన్నదంటున్నవ్."

యాకూబు చెప్పింది కూడా ఆమెకు చెప్పాను. ఆమె వింటూ బూడిదలో వేళ్లు పెట్టి తిప్పుతూ ఉంది. అంతా విన్నాక అడిగింది, "లింగంపేట దాటిన అన్నడా?" అని. మళ్లీ అడిగింది. మూడోసారి అడగలేదు.

తొమ్మిదో నాడు పొద్దు గూకే వేళ గంప పెట్టారు. నగేశ్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు, ఫోన్‌ను ఎదురుగా నిలబెట్టి వీడియో పెట్టి. పదో నాడు పొద్దు పొడిచేసరికి ఇల్లంతా మనుషులు. వాకిట్లో ఆంబోతు.

"కన్ను మూయలే" అన్నాడు నగేశ్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గంప కదల్లే, ఎవలు రాలే. అంత ఫోన్ల ఉన్నది. ఇగ లేపుండ్రి."

ఈరవ్వ గంప దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"నువ్వే లేపు కొడుకా."

"నేనా?"

"నాకు కనవడది." ఇల్లంతా వినేలా అంది. "ఎనిమిదేండ్ల సంది కనవడది. మీ ఇండ్లల్ల నేనన్న పిట్టలు, దూడలు నేను చూసినయి కావు. మీరు ఊపిరి ఆడక కూసుంటె సైంచలేక అన్నయి. మొన్న సీతారాంది గూడ గట్లనే."

గోలయింది. ఒకామె తన తల్లి సంగతేమిటని ఏడుపు అందుకుంది. ఇంకొకామె తిట్టింది. ఈరవ్వ కదల్లేదు. తన బతుకంతా చేత్తో తీసి నేల మీద పెట్టినట్టు కూర్చుంది. గోల తగ్గాక, "నిజమేందో ఈ పిల్లగాడు చూస్తడు. సదువుకున్నోడు. కండ్లు మంచిగున్నయి" అంది.

నగేశ్ చిన్నగా నవ్వి, వంగి, గంప లేపాడు.

వార్నిష్ వాసన గదంతా నిండింది. ఈసారి నేనొక్కదాన్నే కాదు, ముక్కు మీద కొంగు పెట్టుకున్నవాళ్లను నలుగురైదుగురిని చూశాను.

నగేశ్ వంగి ఉన్నాడు కాబట్టి బూడిద అతనికొక్కడికే కనపడుతోంది. నవ్వు అతని ముఖం మీద అట్లాగే ఉంది, మర్చిపోయి వదిలేసిన వస్తువులాగా.

"పిట్ట" అన్నాడు.

"ఏం పిట్ట?" అంది ఈరవ్వ.

"పిట్ట… పిట్ట కాలే."

"కొడుకా, ఆ మాట నలభై ఏండ్లు నేనన్న. అది నోట్లకెళ్లి ఎట్ల అస్తదో నాకంటె ఎరుకున్నోళ్లు లేరు. కిందికి చూసి చెప్పు."

వాకిట్లో ఎద్దు బరువుగా ఊపిరి వదిలింది.

నగేశ్ మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "చెయ్యి" అన్నాడు. "అన్న చెయ్యి. ఏలు లేదు."

పోచవ్వ వంటింటి వైపు తల తిప్పింది. మహేశ్వరి గోడకు అతుక్కుపోయింది. ఆ ముసలామె నోరు తెరవబోతుండగా నగేశే మళ్లీ మాట్లాడాడు, బూడిద వైపే చూస్తూ.

"వదినది కాదమ్మా. వేళ్లన్నీ నా దిక్కే ఉన్నయి, చూడుండ్రి. నేను కూసున్న కుర్చీ దిక్కు." కుర్చీని చేత్తో చూపించాడు. "నేను బైలెల్లనే లేదు. ఆఫీసుల్నే ఉన్న. లింగంపేట దాటిన అన్న. అన్నకు గంత అయితున్నదని ఎరుక లేకుండె. ఎరుక చేసుకోలే. మీటింగుండె, వదిన మళ్ల మళ్ల చేస్తుండె. ఏదో ఒకటి అనాలె గదా అని అన్న. అంబులెన్స్ వద్దన్నది గూడ నేనే. వదిన నా కోసం రోడ్డు మీద నిలబడ్డది."

నేను ముందుకు వంగి చూశాను. నిజమే. నాలుగు వేళ్లూ కుర్చీ వైపే ఉన్నాయి. నడుమ చెంబు ఉంది. ముందురోజు నా చేత్తో నేనే అంచు దాకా నింపి ఇచ్చాను. అందులో చుక్క లేదు. బూడిద మీద తడి లేదు.

పోచవ్వ ఆ చెంబు వైపు ఎంతసేపు చూసిందో. పదిరోజులుగా కోడలిని పేరు పెట్టి పిలవని మనిషి, తల తిప్పకుండా అంది, "మహేశ్వరీ. నీళ్లు తే బిడ్డా."

మహేశ్వరి కొత్త చెంబుతో నీళ్లు తెచ్చింది. పోచవ్వ అది తీసుకుని నగేశ్ చేతుల్లో పెట్టింది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేదని అతని ముఖం చూస్తే అనిపించింది. అతను ఆ అరచెయ్యి మీద నీళ్లు పోశాడు. బూడిద నీళ్లను పీల్చుకున్న చప్పుడు మేమందరం విన్నాం. గొంతు దిగినట్టు.

బయటికి వచ్చేసరికి ఆంబోతు లేదు.

మహేశ్వరి ఆ ఇంట్లోనే ఉంది. నగేశ్ వారం వారం వస్తాడు. వచ్చే ముందు ఫోన్ చేయడు. గడప లోపల కాలు పెట్టాకే, "అచ్చిన" అంటాడు.

ఈరవ్వను ఇప్పుడు గంపకు ఎవరూ పిలవరు. కొన్ని ఇళ్లవాళ్లు పలకరించను కూడా పలకరించరు. వానలు తగ్గాక నేనే ఆమెను కామారెడ్డి తీసుకుపోయి రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించాను. ఈసారి దాక్కోలేదు. బస్సులో తిరిగొస్తూ నల్ల అద్దాల్లోంచి కిటికీ బయటికి చూస్తూ, లింగంపేట బోర్డు రాగానే అక్షరాల వైపు వేలు పెట్టి, "ఇది ఏ ఊరు?" అని అడిగింది. చెప్పాను.

నల్ల అద్దాలు తీసిన రోజు మా ఇంటికి కాక ముందు పోచవ్వ ఇంటికి పోయింది. అలికిన పెండ ఎప్పుడో ఊడిపోయింది, మహేశ్వరి బండను రోజూ తుడుస్తుంది. ఈరవ్వ ఆ చోట గొంతుక్కూర్చుని, అరచెయ్యి బండ మీద పెట్టకుండా, జానెడు ఎత్తులో ఆపి, చాలాసేపు చూసింది. నాకు అక్కడ నల్లటి బండ తప్ప ఏమీ కనపడలేదు.

"ఏమున్నది అక్కా?" అన్నాను.

ఆమె లేచి కొంగు సర్దుకుంది.

"చూసిన" అంది. ఎంత అడిగినా అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.